వెళ్ళొస్తానన్న పెద్దన్న

మొన్న పొద్దున్నే పాలు తెచ్చుకుందామని గుమ్మం దిగానో లేదో, మా గేటుకి ఎదురుగా ఉన్న దీపస్తంభం మీద పెద్దన్న ముఖం కనిపించింది. అట్ట మీద అచ్చువేసి, ప్లాస్టిక్ పట్టీలతో స్తంభానికి బిగించిన ఎన్నికల బొమ్మ. ఆకుపచ్చ టై, తెల్లగా తోమించుకున్న పళ్ళు, జుట్టుకి నల్లరంగు, కింద ఆయన పేరు, ఆ పేరు కింద "మీలో ఒకడు" అని అర్థం వచ్చే ఇంగ్లీషు ముక్క. ఐర్లండ్ పడమటి ఒడ్డున ఈ స్లైగో ఊరి గాలి సంగతి ఇక్కడ ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆ గాలికి అట్ట అటూ ఇటూ కొట్టుకుంటూ ఉంటే ఆయన మా ఇంటికేసి చూసి తల ఊపుతున్నట్టే ఉంది. పొద్దున్నే ఎవరి మొహం చూశానురా భగవంతుడా అనుకుని, పాలూ వద్దు పెరుగూ వద్దని వెనక్కి తిరిగి వచ్చేశాను. మా ఆయన పేపర్లోంచి తలెత్తి, పోనీలేవే, అట్టముక్కేగా అన్నారు. ఆయనకి ప్రపంచంలో ప్రతిదీ పోనీలే. నాకు అలా కాదు, ఒళ్ళు మండితే మండినట్టు చెప్పేస్తాను, అందుకే ఇవాళ కాఫీ కూడా పక్కన పెట్టి ఇది రాస్తున్నాను.

మీలో నా ఈడువాళ్ళకి, అందులోనూ ఎప్పుడో ఉద్యోగాల కోసం ఈ వాన దేశానికి వచ్చి ఇక్కడే జుట్టు నెరిసినవాళ్ళకి, నేను చెప్పే తొలిరోజులు కొత్తగా ఉండవు. ఊరి బయట మందుల ఫ్యాక్టరీ ల్యాబులో నాకు ఉద్యోగం దొరికితే, చంటిదాన్ని చంకనేసుకుని మా ఆయన నా వెనకాల వచ్చారు. దీని మీద మా అత్తగారి వైపు వాళ్ళు చాలాకాలం నవ్వుకున్నారు, నవ్వుకోనివ్వండి. అప్పటికి స్లైగోలో తెలుగు మాట వినబడే ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. కరివేపాకు కావాలంటే డబ్లిన్, చింతపండు కావాలంటే డబ్లిన్, పెసరపప్పు అయిపోతే ఎవరు డబ్లిన్ వెళుతున్నారా అని ఆరా తీయడం. మధ్యాహ్నం కాఫీ వేళకే చీకటి పడిపోయే ఆ చలికాలాల్లో, పిల్లని భుజాన వేసుకుని కిటికీ దగ్గర నిలబడి, రోడ్డు మీద పోయేవాళ్ళలో మనవాళ్ళెవరైనా కనిపిస్తారేమోనని చూస్తూ ఉండేదాన్ని.

అలాంటి రోజుల్లో ప్రతి ఆదివారం మా తలుపు తట్టినవాడు పెద్దన్న. అప్పటికింకా ఎవరికీ పెద్దన్న కాదు, వైద్య పరికరాల ఫ్యాక్టరీలో చిన్న ఇంజనీరు, నాకంటే వయసులో బాగా చిన్నవాడు, మా తెనాలి పక్కవాడే. డబ్లిన్ వెళ్ళొచ్చినప్పుడల్లా తడిగుడ్డలో చుట్టిన కరివేపాకు తెచ్చి, "అక్కా, ఇదిగో నీ బంగారం" అని నా చేతిలో పెట్టేవాడు. ఉప్మా తిని, కాఫీ తాగి, పిల్లని కాసేపు ఎత్తుకుని, ఊరి కబుర్లన్నీ చెప్పి, లేచి గుమ్మం దగ్గర బూట్లు వేసుకుంటూ "వెళ్ళొస్తానక్కా" అనేవాడు. మన వైపు ఏ గడప దగ్గరైనా ఎవరైనా అనే మాటే, పోతున్నాను అనకూడదు కాబట్టి అనే మాటే. కానీ నేను ఆ ఒక్క మాట కోసం వారమంతా ఎదురుచూసేదాన్ని, ఎందుకంటే దానికి "మంచిది నాయనా, మళ్ళీ రా" అని బదులు చెప్పడానికి ఈ దేశంలో నాకు ఇంకో మనిషి లేడు. ఈ సంగతి దాచిపెట్టి మిగతావి తిడితే అన్యాయం అవుతుందని ముందే చెబుతున్నాను.

తర్వాత్తర్వాత జనం పెరిగారు. హైదరాబాదు నుంచి సాఫ్ట్‌వేర్ పిల్లలు, విశాఖ నుంచి ఫార్మా వాళ్ళు, వాళ్ళ పెళ్ళాలూ పిల్లలూ. రైలు దిగిన ప్రతివాడికీ స్టేషన్లో మొదట కనిపించేది మనవాడే. ఇక్కడ అద్దె ఇల్లు దొరకడమంటే మాటలు కాదు, ఒక్క ఇల్లు ఖాళీ అయితే చూడటానికి వీధి మలుపు దాకా వరస కడతారు, ఆ వరసలో మన ముఖం కనబడితే ఇల్లు చూపించేవాడి నవ్వు సగం అవుతుంది. అలాంటిది పెద్దన్న ఒక్క ఫోను చేస్తే తాళాలు చేతికొచ్చేవి. ఏ జీపీ, అంటే ఇక్కడి వీధి డాక్టరు, కొత్త పేషెంట్లను చేర్చుకుంటాడు, ఏ బడిలో చోటుంది, ఎవరి భార్యకి ఏ ఫ్యాక్టరీలో పని దొరుకుతుంది, అన్నీ ఆయన దగ్గరే. అందరికీ తల్లో నాలుకయ్యాడు, నాకంటే చిన్నవాడు కాస్తా ఊరందరికీ పెద్దన్న అయ్యాడు, చూస్తూ చూస్తూ ఉండగానే నేను కూడా "అతను" అనడం మానేసి "ఆయన" అనడం మొదలుపెట్టాను.

ఇంతవరకూ బాగానే ఉంది. ఈ దేశంలో పౌరసత్వం లేకపోయినా, ఇక్కడ కాపురమున్న ప్రతివాడికీ కౌన్సిల్ ఎన్నికల్లో ఓటుంది. ఆ సంగతి మాలో ఎవరికీ పట్టలేదు, పెద్దన్నకి పట్టింది. ఊళ్ళో ఒక కౌన్సిలర్ ఉండేవాడు, ఎర్రటి బుగ్గలూ పెద్ద చేతులూ ఉన్న మనిషి. అతను ఈయన్ని పట్టుకున్నాడో, ఈయనే అతన్ని పట్టుకున్నాడో గానీ, మా అందరి పేర్లూ ఓటర్లలో చేరిపోయాయి. ఇక్కడ ఓటంటే ముద్ర కొట్టడం కాదు, నిలబడ్డవాళ్ళ పేర్ల పక్కన మనకిష్టమైన వరసలో ఒకటీ రెండూ మూడూ అని అంకెలు వేయాలి. ఒకటి ఎవరికి వేయాలో, రెండు ఎవరికి వేయాలో పెద్దన్న ఇంటింటికీ వచ్చి చెప్పి వెళ్ళేవాడు. నా ఇష్టం నాది కాదా అంటే, "అక్కా, నీ ఇష్టం నాకు తెలీదా" అని నవ్వేవాడు.

ఆ కౌన్సిలర్ దగ్గర ఆయన నేర్చుకున్న పెద్ద విద్య ఇంకోటుంది, చావు ఇళ్ళకి వెళ్ళడం. ఐరిష్ రాజకీయాల్లో అది పెద్ద పని. పొద్దున్నే ఇక్కడి రేడియోలో ఎవరెవరు పోయారో చదువుతారు, నాయకులు చెవులు రిక్కించి వింటారు, సాయంత్రానికి ఆ ఇంటి ముందు వరసలో నిలబడి అందరి చేతులూ పట్టుకుని "సారీ ఫర్ యువర్ ట్రబుల్" అని చెప్పి, అక్కడ పెట్టిన టీ తాగి, ఇంకో చావింటికి పోతారు. మనవాడూ మొదలుపెట్టాడు. ఎప్పుడూ చూడని ముసలాయన శవపేటిక ముందు తల వంచుకుని నిలబడి, అట్నుంచి అటే మా ఇంటికి వచ్చి, ఇవాళ ఎన్ని చేతులు కలిపానో తెలుసా అక్కా అని గొప్పలు పోయేవాడు. ముందు స్నానం చేసి రావయ్యా అని నేను కేకలేస్తే, ఈ దేశంలో మైల లేదక్కా, ఓట్లే అని పకపకా నవ్వేవాడు. ఆ నవ్వు నాకు అప్పుడే నచ్చలేదు, మా ఆయన మాత్రం పోనీలేవే అన్నారు.

మా పక్కింట్లో తొంభైకి దగ్గరపడ్డ ఒక ఐరిష్ పెద్దావిడ ఉంటుంది. గోడకి ఇటు నేనూ అటు ఆవిడా నిలబడి మాట్లాడుకోని రోజు లేదు. ఆవిడ ముందుగదిలో గోడ మీద, టోపీ పెట్టుకుని, బొజ్జ మీద గడియారం గొలుసు వేలాడేసుకున్న ఒక మీసాలాయన పటం ఉంటుంది. ఆవిడ తాతకి తమ్ముడట. ఇక్కడ తిండిలేక ఓడెక్కి, కాళ్ళకి సరైన బూట్లు కూడా లేకుండా అమెరికాలో ఒక మహానగరంలో దిగినవాడు, కొన్నాళ్ళకి ఆ నగరంలో సగం తన గుప్పిట్లో పెట్టుకున్నాడట. ఓడ దిగిన ప్రతి ఐరిష్ వాణ్ణీ రేవులోనే పలకరించడం, గది చూపించడం, రోడ్లు తవ్వే పనిలో పెట్టడం, చలికాలం బొగ్గు, క్రిస్మస్‌కి టర్కీ కోడి పంపడం, ఎవరు పోయినా ముందుగా వెళ్ళి పీట వేసుకుని కూర్చోవడం. ఎన్నికల రోజున మాత్రం ఆ బొగ్గు తిన్న పొయ్యిలన్నిటి తరఫునా ఓట్లు తన పెట్టెలో పడాలి. పడలేదా, మర్నాడు పనిలో ఉండవు, ఆ వారం గదిలో ఉండవు. ఆయన సొంత ఊరి చర్చికి ఒక గంట పంపించాడనీ, దాని మీద పునీతుడి పేరు కంటే ఈయన పేరు పెద్దక్షరాల్లో ఉంటుందనీ, తన చిన్నప్పుడు అది మోగినప్పుడల్లా వాళ్ళ అమ్మ చెవులు మూసుకునేదనీ ఆవిడ చెప్పి నవ్వేది. ఒకరోజు పెద్దన్న మా గేటు దిగి పోతూ, ఆవిడకి కూడా చెయ్యూపి, ఆవిడ మోకాళ్ళ నొప్పి ఎలా ఉందో అడిగి, ఎదురింటి కుక్కని పేరుపెట్టి పలకరించి వెళ్ళాడు. ఆవిడ అటే చూస్తూ, "మా తాత తమ్ముణ్ణి నేనెప్పుడూ చూడలేదు, ఇవాళ చూశాను" అంది.

ఆ పెద్దమనిషి చేతిలో పనీ గదీ ఉంటే, మావాడి చేతిలో వాట్సాప్ గ్రూపు ఉండేది. మీరు నవ్వకండి. ఇల్లు ఖాళీ అవుతోందన్నా, సామాన్ల లారీ డబ్లిన్ నుంచి వస్తోందన్నా, పిల్లలకి డాన్సు నేర్పించేవాళ్ళు దొరికారన్నా అన్నీ ఆ గ్రూపులోనే. పెద్దన్న తనకి ఎదురుచెప్పినవాణ్ణి తిట్టడు, కొట్టడు, గ్రూపులోంచి తీసేస్తాడు, అంతే. మర్నాటి నుంచి ఆ ఇంటివాళ్ళని ఎవరూ పుట్టినరోజుకి పిలవరు, దుకాణంలో కనిపిస్తే బియ్యం బస్తా చాటుకి తప్పుకుంటారు. చదువుకున్నవాళ్ళు, లక్షణంగా ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు, ఆయన సభలకి కుర్చీలు మోసేవారంటే ఆ భయమే. నన్ను మాత్రం తీయలేదు. నా ఉప్మా తిన్నాడు కదా, ఆ మాత్రం సిగ్గు ఉండేది.

ఇక అసలు సంగతికి వస్తాను. మా ల్యాబులో నా చేతి కింద పనిచేసిన వరంగల్ అమ్మాయి ఒకతె, నన్ను సొంత అక్కలా చూసుకునేది, మా వీధి మలుపులోనే వాళ్ళ అద్దె ఇల్లు. ఆ ఇల్లు ఇప్పించిందీ పెద్దన్నే, ఇంటి యజమాని ఆయనకి బాగా కావలసినవాడు. ఆమె భర్త కంప్యూటర్ ఉద్యోగి, నెమ్మదస్తుడు, ఎప్పుడో ఒకసారి నోరు విప్పితే మాత్రం సూటిగా తగిలేది. వాళ్ళకి ఒక్కతే కూతురు. ఒక ఉగాది సభలో పిల్లలు డాన్సు వేషాలు వేసుకుని, గజ్జెలు కట్టుకుని నిలబడి ఉంటే, పెద్దన్న కౌన్సిలర్ చేత దీపం వెలిగింపించి, అతని చేత ప్రసంగం చేయించి, తను ఇంకో ప్రసంగం చేసి, ఆఖరికి పచ్చడి కూడా ఎండిపోయాక, ఈ అబ్బాయి వెనక వరసలోంచి లేచి, "అన్నా, ఇది మన పండుగనా, మీ ఓట్ల పండుగనా?" అన్నాడు. హాలంతా గొల్లుమంది. పెద్దన్న కూడా నవ్వాడు. సభ ముగిసి ఇంటికి చేరేలోగా ఆ అబ్బాయి గ్రూపులో లేడు.

ఆ తర్వాత కరోనా వచ్చింది. మీరందరూ ఎవరి ఇళ్ళలో వాళ్ళు బందీలై చూసినవాళ్ళే, నేను వర్ణించక్కర్లేదు. ఇంటి నుంచి రెండు కిలోమీటర్లు దాటితే రోడ్డు మీద గార్డ్స్ ఆపి ఎక్కడికని అడిగేవారు. ఇక్కడ పోలీసుల్ని గార్డ్స్ అంటారు. దుకాణాల్లో అరలు ఖాళీ, డబ్లిన్ ప్రయాణం కల్ల. పెద్దన్నకి పండగొచ్చినట్టయింది. ఎక్కడి నుంచి రప్పించాడో సోనామసూరి బస్తాలు రప్పించి, ప్రతి సంచికీ తన బొమ్మ అంటించి, తన పేరు కుట్టించిన మాస్కు పెట్టుకుని, వ్యాన్‌లో ఇంటింటికీ తిరిగి గుమ్మాల ముందు దించేవాడు, వెంట ఆయన పెట్టిన తెలుగు సంఘం సెక్రటరీ ఫోనుతో వీడియో తీసేవాడు. తీసుకున్నవాళ్ళు దూరంగా నిలబడి దణ్ణం పెట్టాలి, ఆ దణ్ణం సాయంత్రానికి గ్రూపులో కనబడాలి. బియ్యం పంచడం తప్పని ఎవరంటారు? నేనూ తీసుకున్నాను, వండుకున్నాను. కానీ ఆ వ్యాన్ మా వీధి మలుపులో, ఆ వరంగల్ అమ్మాయి ఇంటి ముందు, ఆగకుండా పోయింది. కిటికీ దగ్గర నిలబడ్డ ఆ చిన్నపిల్ల, వ్యాన్ చప్పుడుకి సంబరంగా చెయ్యెత్తి, అది పోయాక ఆ చెయ్యి దించుకోవడం నా కళ్ళారా చూశాను. అప్పటికే లోపల దాని తండ్రికి జ్వరం మొదలైంది.

ఆస్పత్రికి తీసుకెళ్ళిన మనిషి మళ్ళీ ఇంటికి రాలేదు. నర్సు ఫోను ఎత్తి పట్టుకుంటే తల్లీ కూతురూ అందులోనే చూసుకున్నారు, అందులోనే మాట్లాడారు. మూసిన పెట్టె తప్ప మనిషిని చూపించరని తెలిసినప్పుడు ఆ అమ్మాయి ఏడవను కూడా లేదు. వాళ్ళని కూడా ఇంట్లోంచి కదలొద్దన్నారు కాబట్టి, నేను రోజూ అన్నం కూరా వండి గుమ్మంలో పెట్టి, వెనక్కి వచ్చి గేటు దగ్గర నిలబడి, తలుపు తీసి తీసుకునేదాకా చూసి వచ్చేదాన్ని. దగ్గరకి తీసుకుని ఒళ్ళో పడుకోబెట్టుకోవాల్సిన పిల్లని గేటు అవతల నుంచి పలకరించడమంటే ఏమిటో, ఆ బాధ నా శత్రువులకి కూడా వద్దు. వాళ్ళ గడువు ముగిశాకే దహనం పెట్టుకుందామని ఇక్కడ అంత్యక్రియలు జరిపించేవాళ్ళు మంచిగా ఒప్పుకున్నారు. దహనశాల ఎక్కడో వేరే కౌంటీలో ఉంది, లోపలికి పది మందికే అనుమతి. ఆ అమ్మాయికి ఒక్కటే కోరిక: కన్నకూతురి చేతుల మీదుగా ఆయన వెళ్ళాలి, ఆ పది చోట్లలో ఆయన్ని నిజంగా ప్రేమించినవాళ్ళు నిలబడాలి. వరంగల్లో అత్తమామలు కూడా ఫోనులో ఏడుస్తూనే, బిడ్డనే చెయ్యనియ్యి అన్నారు.

ఆ మాట ఇంకా ఎవరికీ చెప్పకముందే పెద్దన్న దిగాడు. నేను గిన్నె గుమ్మంలో పెట్టి గేటు దగ్గరకి వచ్చేసరికి, సెక్రటరీని వెంటేసుకుని తోటదారిలో నడిచి వచ్చి, తలుపుకి దూరంగా నిలబడ్డాడు. తల్లీ కూతురూ తలుపు తీసుకుని లోపలే నిలబడ్డారు. సెక్రటరీ ఫోను పైకెత్తాడు, వీడియో కోసమే. ఊళ్ళో మనవాళ్ళలో కరోనాకి పోయిన మొదటి మనిషి, రేడియో వాళ్ళు మాట్లాడమంటున్నారట, కౌన్సిలర్ కూడా వస్తానన్నాడట. ఏర్పాట్లన్నీ అయిపోయినట్టే చెప్పుకుపోయాడు. లోపలికి వచ్చే పది మందిలో తనూ, కౌన్సిలరూ, సెక్రటరీ, వీడియో తీసే మనిషీ, సంఘం పెద్దలూ. ఇండియా నుంచి పంతులుగారు ఫోనులో మంత్రాలు చెబుతారు. అన్నయ్య వరస కాబట్టి కర్మ తనే చేస్తాడు. "ఆడపిల్ల, పసిది, దడుచుకుంటుందమ్మా, నేను లేనూ?" అన్నాడు. ఆపైన గొంతు తగ్గించి, "ఇంటి సంగతి నువ్వు బెంగపెట్టుకోకు. ఓనరు మనవాడే. నేను చెప్పినట్టుంటే నిన్నెవరూ కదిలించరు" అన్నాడు. ఆ ఒక్క మాటలో ఎంత విషం ఉందో గేటు దగ్గరున్న నాకే తెలిసింది, ఆమెకి తెలియదూ? గ్రూపులోంచి గెంటేసిన మనిషి శవానికి పెత్తనం! నోరు తెరవబోయాను గానీ, ఆ ఇల్లు పోతే తల్లీబిడ్డలు ఎక్కడికి పోతారన్న భయం నా నోరు నొక్కేసింది. ఆ అమ్మాయి నేల చూపులు చూస్తూ నిలబడింది, అవుననలేదు, కాదనలేదు.

మాట్లాడకపోవడమే ఒప్పుకోవడం అనుకున్నాడు ఆయన. అన్ని గుమ్మాల దగ్గరా చేసినట్టే రెండు చేతులూ జోడించి, తల కొంచెం పక్కకి వంచి, ఫోనుకేసి ఒక చూపు చూసి, "సరే తల్లీ, వెళ్ళొస్తా. మళ్ళీ వస్తా" అన్నాడు.

చావింట్లో ఆ మాట ఎవరంటారండీ? నోట్లో నాలుక ఉన్న తెలుగువాడు ఎవడంటాడు? పరామర్శకి వెళ్ళినవాళ్ళం, లేవాలనిపిస్తే చప్పుడు చేయకుండా లేచి, చెప్పకుండా, వెనక్కి చూడకుండా వచ్చేస్తాం. ఆ ఇంటికి అలాంటి పని మీద మళ్ళీ రాకూడదని కోరుకుంటాం కాబట్టి. మూడేళ్ళ పిల్లకి కూడా అమ్మమ్మలు చెయ్యి పట్టుకుని నేర్పించే మర్యాద అది. ఈయన వందల గుమ్మాల్లో ఓట్ల కోసం ఆ మాట అనీ అనీ, అది ఏ గుమ్మమో కూడా చూసుకోలేదు. సెక్రటరీ చెయ్యి దానంతట అదే కిందికి దిగింది.

అప్పుడు ఆ అమ్మాయి తలెత్తింది. నాతో ఎప్పుడూ గొంతు పెంచి మాట్లాడి ఎరగదు. ఆ రోజు మా వీధి అంతా వినేట్టు అంది:

"రాకన్నా. నువ్వు మల్ల మా ఇంటికి రాకు. బతికున్నప్పుడు గ్రూపులకెల్లి తీసేసినవ్. మా ముంగట్నుంచే బండి పోనిచ్చినవ్. సచ్చినంక సొంతోడివైనవా? నా బిడ్డ ఉన్నది. వాళ్ళ నాయినకు అదే పెడ్తది నిప్పు. ఇల్లు తీసుకుంటవా, తీస్కో పో. రేపు నువ్వు రాకు, నీ కౌన్సిలర్ రావద్దు."

పక్కన నిలబడ్డ పిల్ల తల్లి చున్నీ కొస పట్టుకుని, వాళ్ళ బడి భాషలో, "ఐ విల్ డూ ఇట్, మమ్మీ. ఇట్స్ గ్రాండ్" అంది. ఇక్కడివాళ్ళు గ్రాండ్ అంటే ఏం పర్వాలేదని. పెద్దన్న నాకేసి చూశాడు, అక్కా నువ్వైనా చెప్పు అన్నట్టు. నేను ఇంకోవైపు తిరిగిపోయాను.

ఆ సాయంత్రం గ్రూపులో హుకుం వచ్చింది. నిబంధనల దృష్ట్యా ఎవరూ బయటికి రావద్దు, ఎవరూ రోడ్డు మీద నిలబడొద్దు, గార్డ్స్ పట్టుకుంటే సంఘానికి సంబంధం లేదు, పెద్దన్న మాటగా తెలుసుకోగలరు. మర్నాడు శవవాహనం వాళ్ళ ఇంటి ముందు ఒక్క క్షణం ఆగి కదిలింది. ఇక్కడివాళ్ళకి ఆ కాలంలో ఒక ఆచారం వచ్చింది, లోపలికి పోయే వీల్లేదు కనక, పోయినవాళ్ళ బండి వెళ్ళే దారి పొడుగునా ఎవరి గేటు దగ్గర వాళ్ళు దూరం దూరంగా నిలబడతారు. పక్కింటి పెద్దావిడ నడకకి ఊతంగా వాడే చట్రం పట్టుకుని, నల్లకోటు వేసుకుని అప్పటికే గుమ్మంలో ఉంది. ఐరిష్ వాళ్ళు నిలబడతారని నాకు తెలుసు. మలుపు తిరిగేసరికి నేను చూసింది వేరు. కుర్చీలు మోసినవాళ్ళు, బియ్యం బస్తాలు దించినవాళ్ళు, దుకాణంలో ఆ అబ్బాయిని చూసి తప్పుకున్నవాళ్ళు, పిల్లల్ని ముందు పెట్టుకుని, చేతులు కట్టుకుని, వానలో, రోడ్డుకి రెండు వైపులా. ఎవరూ ఎవర్నీ రమ్మనలేదు. సెక్రటరీ కూడా ఉన్నాడు, ఫోను లేకుండా. బండి వెనకాల కార్లో కూర్చున్న నేను ఆపుకోలేక గట్టిగా ఏడ్చేశాను, మా ఆయన పోనీలేవే అనలేదు, ఆయనా ఏడుస్తున్నారు.

అక్కడ నిప్పు పెట్టడమంటే ఒక మీట నొక్కడమే. పెట్టె మీద చెయ్యి పెట్టి, పిల్ల తండ్రితో తెలుగులో ఏదో చెప్పింది. అది తెలుగులో మాట్లాడటం నేను అదే మొదటిసారి వినడం, ఏం చెప్పిందో అడగలేదు. అందరం చప్పుడు చేయకుండా బయటికి వచ్చేశాం, ఎవరం ఏ మాటా అనలేదు.

ఆ తర్వాత గ్రూపులోంచి ఒక్కొక్కరే వాళ్ళంతట వాళ్ళు బయటికి వచ్చేశారు. ఇళ్ళు ఖాళీ చేయించకూడదని ప్రభుత్వం పెట్టిన అడ్డు తొలగాక ఇంటి యజమాని నిజంగానే ఖాళీ చేయమన్నాడు. పక్కింటి పెద్దావిడ, మేడ మీద గదులు ఊరికే పడి ఉన్నాయి, ఈ ఇంట్లో ఆ మీసాలాయన తప్ప నాకు తోడెవరున్నారని తల్లీకూతుళ్ళని తీసుకొచ్చి పెట్టుకుంది. ఇక పెద్దన్న పని అయిపోయిందనుకున్నాం, అంత అమాయకులం. ఆ ఎర్రబుగ్గల కౌన్సిలర్ రాజకీయాలు మానేశాడు, కొత్త జనం రైళ్ళు దిగుతున్నారు, వాళ్ళకి ఇళ్ళు కావాలి, జరిగిందేమిటో వాళ్ళకేం తెలుసు? స్టేషన్లో నవ్వుతూ ఎదురొచ్చేది ఇప్పటికీ ఆయనే. ఇప్పుడు ఏకంగా తనే నిలబడ్డాడు, స్తంభానికి వేలాడుతున్నాడు.

నిన్న సాయంత్రం మా తలుపూ తట్టాడు. కరివేపాకు పొట్లంతో వచ్చాడండీ, ఎంత గుండె ధైర్యం! ఇప్పుడు మూల మీది దుకాణంలో కావలసినంత దొరుకుతోంది. జుట్టుకి రంగేసినా నడుము వంగింది, మెట్టెక్కితే ఆయాసం. "అక్కా, ఒకటి నాకు వెయ్యవూ" అన్నాడు, పాత రోజుల్లో ఇంకో కాఫీ అడిగిన గొంతుతోనే. నేను కూర్చోమనలేదు, పొట్లం అందుకోలేదు. సరిగ్గా అప్పుడే వంటింట్లోంచి, నా అట్టు తింటున్న ఆ వరంగల్ అమ్మాయి కూతురు, ఇప్పుడు నా భుజం దాటి పొడుగు సాగింది, ఎవరొచ్చారా అని నా వెనకాల వచ్చి నిలబడింది. ఎదురింటి కుక్క పేరు కూడా మరచిపోని మనిషి, దాన్ని గుర్తుపట్టడూ? చేతులు జోడించాడు, తల పక్కకి వంచాడు, అలవాటున పెదాలు విడివడ్డాయి, మాట నాలుక చివరిదాకా వచ్చింది. పిల్ల ఆయన నోటికేసే చూస్తోంది. ఆయన నోరు మూసుకుని, వెనక్కి చూడకుండా, చావింట్లోంచి వెళ్ళినట్టు గేటు దిగి వెళ్ళిపోయాడు. "హి నియర్లీ సెడ్ ఇట్" అంది పిల్ల. అనలేదుగా, నువ్వు పోయి అట్టు తిను అన్నాను.

పిల్ల లోపలికి వెళ్ళాక తలుపు వెయ్యబోయి ఆగాను. అప్పట్లో మేం పిడికెడు మందిమి, మాకు ఏమీ దొరికేది కాదు, ఏ తలుపు చప్పుడైనా పరిగెత్తి తీసేవాళ్ళం. ఇప్పుడు అన్నీ దొరుకుతాయి, తలుపు తట్టేది ఎవరో ముందు కిటికీలోంచి చూసుకుంటాం. కరివేపాకు పొట్లం గుమ్మం పక్కనే వదిలేసి పోయాడు, తడిగుడ్డలో చుట్టి, పూర్వంలాగే. అది తీసి పారేద్దామని వంగాను. ఒకప్పుడు వెళ్ళొస్తానక్కా అన్న మాట కోసం వారమంతా కాచుకున్నదాన్ని, ఆ మనిషే ఆ మాట అనకుండా నా గడప దిగి పోతే ఇల్లు చల్లబడ్డట్టు హాయిగా అనిపించింది; పొట్లం చేతిలో పట్టుకుని, ఎందుకో మరి, గేటుకేసి చూస్తూ అలాగే నిలబడిపోయాను.